పెన్నా దిగువన పాత మోటారు సైకిలు

నెల్లూరు పట్టణానికి తూర్పున, పెన్నానది దక్షిణపు ఒడ్డు నుంచి బంగాళాఖాతం వరకు పరచుకున్న ఇందుకూరుపేట మండలంలో ఒకవైపు 1850ల దశకంలో నెల్లూరు వద్ద కట్టిన ఆనకట్ట పుణ్యాన కాలువ నీళ్లకు నోచుకున్న వరి మాగాణి, మరోవైపు బకింగ్‌హామ్ కాలువ, దాని ఆవల ఇసుక దిబ్బలు, మైపాడు సముద్రతీరం ఉన్నాయి. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ ప్రారంభించిన పినాకిని సత్యాగ్రహాశ్రమం ఉన్న పల్లిపాడు, చాముండేశ్వరి ఆలయానికి పేరుపొందిన గంగపట్నం ఈ మండలంలోవే. మోటారు వాహనం రాకముందు ఈ ఊళ్ల రాకపోకలు ఎద్దుబండి మీద, కాలువ పడవ మీద, ఆ తరువాత సైకిలు మీద సాగాయి. మోటారు సైకిలు వచ్చాక అది ఇటువంటి పల్లెలకు ఎక్కువగా రెండో చేతి సరుకుగానే చేరింది. పాత బండిని ఇంటికి తెచ్చుకున్న వ్యక్తి మొదటి వారం పది రోజుల్లో దానికి చేయించే చిన్న చిన్న మరమ్మతులే ఈ ప్రాంతపు మెకానిక్ షెడ్డుకు మూల ఆదాయమైనాయి. ఏది చిన్న రిపేరు, ఏది పెద్ద రిపేరు అన్నది యజమాని నేర్పును బట్టి కాక, యంత్రం తయారైన తీరును బట్టి, విడిభాగం దొరికే చోటు ఎంత దూరమన్నదాన్ని బట్టి కాలానుగుణంగా మారుతూ వచ్చిందని ఈ వృత్తి చరిత్రను పరిశీలిస్తే అర్థమవుతుంది.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక బ్రిటిష్ సైన్యం వదిలించుకున్న బీఎస్ఏ, నార్టన్, మ్యాచ్‌లెస్ వంటి బండ్లు మద్రాసు రాష్ట్రంలో వేలం ద్వారా పౌరుల చేతికి వచ్చాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నందువల్లనూ, రాష్ట్రం వేరైనా రైలు, రోడ్డు, వ్యాపార బంధాలు మద్రాసు వైపే సాగినందువల్లనూ, మోటారు వాహనాల విషయంలో నెల్లూరు ప్రజల చూపు చాలాకాలం దక్షిణానికే ఉండేది. పల్లెలలో యంత్రం విప్పి బిగించే పని మాత్రం మోటారు సైకిలుతో మొదలు కాలేదు. బియ్యపు మరలకు, నీళ్లు తోడే ఆయిలు ఇంజన్లకు రింగులు మార్చి వాల్వులు రుద్దిన చేతులకు సింగిల్ సిలిండరు మోటారు సైకిలు కొత్త విద్యేమీ కాదు. నెమ్మదిగా తిరిగే పెద్ద ఇంజనుకూ, వేగంగా తిరిగే చిన్న ఇంజనుకూ సూత్రం ఒకటే అయినా సందుల కొలతలు మాత్రం వేరు. ఆ తేడా తెలియక పాడుచేసిన బండ్లు కూడా ఆ తొలినాళ్లలో తక్కువ ఉండి ఉండవు.

స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వం దిగుమతులను కట్టడి చేసి, స్వదేశంలో తయారీ కార్యక్రమం ఉన్న సంస్థలకే వాహన రంగంలో చోటిచ్చే విధానాన్ని చేపట్టడంతో మూడు బండ్లు దేశమంతటా పల్లె రోడ్లను ఆక్రమించాయి. సైన్యం కోసం బుల్లెట్ మోటారు సైకిళ్లకు ఆర్డరు వచ్చిన తరువాత 1955లో ఇంగ్లండులోని రెడిచ్‌లో ఆ బండ్లను తయారుచేసే సంస్థ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాయి. మద్రాసు శివారు తిరువొత్తియూరు కర్మాగారంలో మొదట విడిభాగాలు తెచ్చి బిగించి, 1960ల ఆరంభానికి బండి మొత్తాన్ని ఇక్కడే తయారుచేసే స్థితికి చేరుకున్నారు. చెకోస్లోవేకియా సాంకేతికతతో మైసూరులో 1960లో ఏర్పడిన ఐడియల్ జావా సంస్థ 250 సీసీ జావాను, 1970లలో దానికే రూపాంతరమైన యెజ్డీని అందించింది. పోలండుకు చెందిన ఎస్‌హెచ్ఎల్ బండిని మాతృకగా చేసుకుని ఎస్కార్ట్స్ సంస్థ 1960లలో రాజ్‌దూత్ తెచ్చింది. ఈ మూడింటిలో నెల్లూరు తీరానికి దగ్గరలో పుట్టింది బుల్లెట్ ఒక్కటే గనుక, దాని విడిభాగాలు ఇక్కడివారికి తక్కిన రెండింటికన్నా తొందరగా అందేవని అనుకోవడం అసంగతం కాదు.

ఆ తరం బండ్లన్నిటికీ సాధారణమైన రోగం పాయింట్లది. సిలిండరులో నొక్కుకుపోయిన పెట్రోలు, గాలి మిశ్రమానికి నిప్పు అంటించేది ప్లగ్ అయినా, ఆ నిప్పు ఏ క్షణంలో పుట్టాలో నిర్ణయించేది పాయింట్లు అని పిలిచే రెండు చిన్న లోహపు మొనలు. అవి అంటుకుని ఉన్నంతసేపు కాయిల్‌లో విద్యుత్తు ప్రవహిస్తుంది. తిరుగుతున్న కామ్ వాటిని విడదీయగానే కాయిల్‌లోని అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా పడిపోయి, వేల వోల్టుల ఒత్తిడి పుట్టి, ప్లగ్ మొనల మధ్య రవ్వగా దూకుతుంది. మొనలు పూర్తిగా విడిపోయినప్పుడు వాటి మధ్య సందు దాదాపు 0.4 మి.మీ. ఉండాలి. కామ్‌కు ఆనుకుని ఉండే ఫైబరు మడమ అరిగేకొద్దీ సందు తగ్గుతుంది, సందు తగ్గితే రవ్వ ఆలస్యంగా పుడుతుంది, రవ్వ ఆలస్యమైతే ఇంజను వేడెక్కి లాగుడు తగ్గుతుంది. పాత యజమాని నెలల తరబడి దీన్ని పట్టించుకోకుండా బండి అమ్మేస్తే, కొన్న వ్యక్తి ఇంజను బలం పోయిందని బెంబేలు పడటం, మెకానిక్ మూత విప్పి సన్నని ఆకురాయితో మొనలు సమం చేసి, పెట్రోలు తడిపిన కాగితాన్ని మధ్యలో లాగి మసి తుడిచి, కొలత రేకు పెట్టి సందు సరిచేయడం, బండి మళ్లీ ఒక్క కిక్కుకే అందుకోవడం ఆ కాలపు షెడ్లలో నిత్యకృత్యం. కొలత రేకు లేనిచోట అగ్గిపెట్టె అట్టనో, మడతపెట్టిన కాగితపు కార్డునో వాడేవారు. ఒక మొన మీద గుంట, రెండో మొన మీద బొడిపె పదే పదే కనిపిస్తే దోషం పాయింట్లది కాదనీ, వాటి పక్కనే ఉండి అనవసరపు రవ్వను మింగవలసిన కండెన్సరుదనీ అనుభవజ్ఞులు గుర్తించేవారు. ఆ భాగం వెల చాలా తక్కువే అయినా అది పాడైందని తేల్చుకోలేక ఇంజనే విప్పినవారు ఉన్నారు.

బుల్లెట్ విషయంలో చిన్న రిపేర్ల కన్నా ముందు నేర్చుకోవలసింది బండిని స్టార్టు చేసే పద్ధతి. 346 సీసీల పెద్ద సిలిండరులో పిస్టను సగం దారిలో ఉండగా బలంగా తన్నితే, ఇంజను వెనక్కి తన్ని కాలి పిక్కను దెబ్బతీయగలదు. దీనికి విరుగుడుగా ఎడమ చేతి దగ్గర డీకంప్రెసర్ అనే చిన్న మీట అమర్చారు. దాన్ని నొక్కితే సిలిండరులోని ఒత్తిడి బయటికి పోతుంది. తాళం తిప్పి, కిక్ రాడ్డును నెమ్మదిగా నొక్కుతూ హెడ్‌లైటు మీది అమ్మీటరు ముల్లును గమనించాలి. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు ముల్లు ఎడమకు వాలి ఉంటుంది, విడిపోగానే మధ్యకు వస్తుంది. ఆ స్థానంలో డీకంప్రెసర్ నొక్కి పిస్టనును కొంచెం ముందుకు జరిపి, మీట వదిలి అప్పుడు నిండుగా తన్నాలి. విద్యుత్తు లోపాన్ని చూపడానికి పెట్టిన ఒక కొలమానం పిస్టను ఎక్కడున్నదో చెప్పే గుర్తుగా ఉపయోగపడటం ఈ యంత్రపు చిత్రాలలో ఒకటి. ఈ విధానం తెలియనివాడు పాత బుల్లెట్ కొంటే దాన్ని తోసుకుంటూ షెడ్డుకు తీసుకువెళ్లడం ఖాయం. ఇక వాల్వులను కదిలించే ట్యాపెట్ల సందు సర్దే పని మరీ సులువు: ఇంజను పూర్తిగా చల్లారాక, కుడివైపు సిలిండరు అడుగున ఉన్న చిన్న మూత తీసి, పుష్ రాడ్లు రెండు వేళ్లతో తిప్పితే తిరుగుతూ, పైకీ కిందికీ ఆడకుండా ఉండేట్టు సర్దితే సరిపోతుంది. గేరు కుడికాలి వైపు, బ్రేకు ఎడమకాలి వైపు ఉండటం వల్ల ఇతర బండ్లకు అలవాటుపడినవారు మొదటి రోజుల్లో తడబడేవారు. దాన్ని మాత్రం ఏ మెకానిక్కూ బాగుచేయలేడు.

జావాకూ, రాజ్‌దూత్‌కూ ఉన్నది టూ స్ట్రోక్ ఇంజను. ఇందులో వేరే ఆయిలు తొట్టి, వాల్వులు ఉండవు. పెట్రోలులోనే ఆయిలు కలిపి పోయాలి, లీటరుకు దాదాపు 40 నుంచి 50 మిల్లీలీటర్లు. ఆయిలు తక్కువైతే పిస్టను వేడికి ఉబ్బి సిలిండరుకు అంటుకుపోతుంది, దీనినే ఇంజను పట్టేయడం అంటారు. ఆ భయంతో కొందరు లెక్కకు మించి ఆయిలు పోస్తే, కాలని ఆయిలు మసిగా మారి ప్లగ్ మొనలనూ, పొగ బయటికి వెళ్లే దారినీ, సైలెన్సరు లోపలి గొట్టాన్నీ మూసేస్తుంది. బండి ఒక వేగం దాటి పోనంటుంది, ఎక్కుడు వస్తే మూలుగుతుంది. పాత టూ స్ట్రోక్ బండి కొన్నప్పుడు మొదట చేయించే పని డీకార్బనైజింగ్, అంటే ఈ మసిని తొలగించడం. సైలెన్సరు లోపలి గొట్టాన్ని బయటికి లాగి మంటలో కాల్చి, చల్లారాక తట్టి పొట్టు రాల్చడం, హెడ్డు విప్పి పిస్టను తల మీది పెచ్చును మెత్తని లోహపు రేకుతోనో చెక్కతోనో గీకడం ఇందులోని క్రమం. ఉక్కు స్క్రూ డ్రైవరుతో గీకితే అల్యూమినియం పిస్టను మీద గీతలు పడి, ఆ గీతలలోనే మసి మరింత త్వరగా పేరుకుంటుంది. జావాలో గేరు మీటనే వెనక్కి తిప్పి కిక్ రాడ్డుగా వాడే ఏర్పాటు ఉండేది. ఆ మీట లోపలి పళ్లు అరిగితే కిక్కు జారిపోయేది గనుక కొనేముందే దాన్ని నాలుగైదుసార్లు తొక్కి చూసేవారు.

మైపాడు వైపు నుంచి వీచే ఉప్పుగాలి తీరప్రాంతపు షెడ్డుకు లోతట్టు ఊళ్లలో లేని పనిని కల్పించింది. గాలిలోని ఉప్పు తేమను పట్టి ఉంచడం వల్ల ఇనుము మీద తుప్పు త్వరపడుతుంది. రాగి తీగల కొసల్లో పచ్చని చిలుము పట్టి విద్యుత్తుకు అడ్డుపడుతుంది. ఆరు వోల్టుల బ్యాటరీతో నడిచే ఆనాటి బండ్లలో దీపం అసలే మసక. తీగ కొసలో కొంచెం చిలుము చేరినా అది మిణుకుమంటుంది. అమ్మకందారు బల్బు మార్చి చూపినా, కొన్నవాడి మెకానిక్ బల్బును వదిలి, తీగ ఛాసిస్‌ను తాకే చోట, అంటే ఎర్త్ దగ్గర, రంగు గీకి బోల్టు బిగించేవాడు. క్లచ్ వైరూ, యాక్సిలరేటర్ వైరూ తొడుగు లోపల తుప్పు పట్టి బిగుసుకుపోవడం మరో మామూలు ఫిర్యాదు. వైరు పైకొసకు కాగితపు గరాటు కట్టి, అందులో ఆయిలు పోసి, అది బొట్టుబొట్టుగా కింది కొసకు దిగేదాకా వదిలేస్తే చాలావరకు నయమయ్యేది. నయం కాకపోతే తెగకముందే వైరు మార్చుకోవడం మేలు. పెట్రోలు ట్యాంకు అడుగున చేరిన తుప్పు కార్బురేటరులోకి దిగి, జెట్ అనే సన్నని రంధ్రాన్ని మూసేయడం అన్నిటికన్నా తరచుగా ఎదురయ్యేది. జెట్‌ను ఇనుప తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పెట్రోలులో కడిగి నోటితోనో పంపుతోనో ఊదడమే సరైన పద్ధతి. కార్బురేటరు ఎన్నిసార్లు శుభ్రం చేసినా ట్యాంకును వదిలేస్తే ఫలితం రెండు రోజులే. అందుకే తెలిసినవారు ట్యాంకు దించి, లోపల కిరసనాయిలూ, గుప్పెడు నట్లో గులకరాళ్లో వేసి కదిపి కడిగేవారు.

విడిభాగాల విషయంలో ఇందుకూరుపేటకు నెల్లూరు, నెల్లూరుకు మద్రాసు ఆధారం. మద్రాసులోని జనరల్ ప్యాటర్స్ రోడ్డు కొత్త విడిభాగాల టోకు వ్యాపారానికి, పుదుపేట పాత బండ్లను విప్పి భాగాలుగా అమ్మే అంగళ్లకు పేరుపడ్డాయి. సిలిండరు అరిగిపోతే లేతు మీద దాన్ని కొంచెం పెద్దది చేసి, 0.25, 0.50 మి.మీ. చొప్పున పెరిగే పెద్ద సైజు పిస్టనును దించే రీబోర్ పని పట్టణంలో జరగవలసిందే కాబట్టి, దాన్ని ఎప్పుడూ పెద్ద రిపేరుగానే లెక్కించారు. ఊళ్లోనే దొరికే వస్తువులతో ముగిసేది చిన్న రిపేరు. గాస్కెట్ దొరకనప్పుడు మందపాటి అట్టను ఇంజను అంచు మీద పెట్టి చిన్న సుత్తితో చుట్టూ తట్టి, అచ్చు పడిన మేర కత్తిరించి బిగించడం అందులోని ఒక నేర్పు. ఈ నేర్పు పాఠశాలలో వచ్చింది కాదు. స్పానర్లు అందిస్తూ, చైన్లు కడుగుతూ మొదలుపెట్టిన పిల్లలు ఏళ్ల తరబడి శిష్యరికంలో సంపాదించినది. ఆ శిష్యరికంలో చదువు పోగొట్టుకున్న బాల్యాలు కూడా కలిసి ఉన్నాయి కాబట్టి దాన్ని ముచ్చటగా చెప్పుకోవడానికి వీల్లేదు. 1986 నాటి బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ 14 ఏళ్లలోపు పిల్లలను ఇటువంటి పనుల్లో పెట్టుకోవడాన్ని నిషేధించింది.

వాహనాల తయారీకి ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరైన కాలంలో స్కూటర్ల వంటి కొత్త వాహనాలకు ఏళ్ల తరబడి వేచి ఉండవలసి రావడంతో పాత బండికి విపరీతమైన గిరాకీ ఏర్పడి, కొన్నిసార్లు కొత్త ధరను మించి పలికింది. ఈ బేరాల్లో మెకానిక్ ఒక రకంగా మధ్యవర్తి. అతడి పరీక్షలోని అంశాలు ఇవి: ఇంజను చల్లగా ఉందేమో తాకి చూడటం, ఎందుకంటే ముందే వేడి చేసి పెట్టిన ఇంజను స్టార్టింగ్ దోషాన్ని దాచగలదు. ప్లగ్ విప్పి మొన రంగు చూడటం, లేత గోధుమ రంగైతే మంచిది, నల్లటి మసైతే పెట్రోలో ఆయిలో ఎక్కువ, తెల్లబారితే మిశ్రమంలో పెట్రోలు తక్కువ. ముందు చక్రాన్ని లేపి హ్యాండిలును అటూఇటూ తిప్పి కోన్ సెట్, అంటే మెడలోని బేరింగులు, మధ్యలో తట్టుకుంటున్నాయేమో పరీక్షించడం. వెనుక స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగాయేమో చూడటం. ఈ పరీక్ష చేసి తన మాట చెప్పినందుకు అతడికి ఇరువైపులా కొంత ముట్టేది. బేరం కుదిర్చినవాడే తరువాత మరమ్మతులూ చేస్తాడు గనుక అతడి నిష్పాక్షికత గురించి అనుమానాలు సహజమే. అయినా అదే ఊళ్లో బతకవలసినవాడు అబద్ధం చెప్పి ఎక్కువకాలం నెగ్గలేడన్నది ఈ ఏర్పాటుకు ఆధారం. కాగితాల విషయంలో మాత్రం ఇంత శ్రద్ధ కనిపించదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మిన బండి విషయాన్ని 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి, 29, 30 నంబర్ల ఫారాలు దాఖలు చేయాలి. ఆచరణలో సంతకం చేసిన ఖాళీ ఫారాలతోనే బండ్లు ఇద్దరు ముగ్గురు చేతులు మారడం దేశమంతటా ఉన్న అలవాటే.

1980ల ఆరంభంలో 100 సీసీ లోపు ద్విచక్ర వాహనాలకు విదేశీ సాంకేతిక సహకారాన్ని అనుమతించడంతో షెడ్డులోని పని స్వభావమే మారింది. 1984లో హోసూరు నుంచి ఇండ్-సుజుకి, 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడాది ఎస్కార్ట్స్ నుంచి యమహా ఆర్ఎక్స్ 100, ఆ వెంటనే కవాసాకి బజాజ్ వచ్చాయి. ఆర్ఎక్స్ 100లో పాయింట్లకు బదులు సీడీఐ అనే ఎలక్ట్రానిక్ పెట్టె రవ్వను నియంత్రిస్తుంది. దాన్ని సర్దడానికి ఏమీ లేదు, పోతే మార్చడమే. పెట్రోలులో ఆయిలు కలిపే బాధ తప్పించడానికి వేరే ఆయిలు ట్యాంకు, దానికొక చిన్న పంపు ఇచ్చారు. కానీ పంపు మీద నమ్మకం లేని యజమానులు చాలామంది దాన్ని తీసేసి పాత పద్ధతిలోనే ఆయిలు కలుపుకునేవారు కాబట్టి, పాత ఆర్ఎక్స్ కొన్నవాడు మొట్టమొదట తెలుసుకోవలసింది ఆ పంపు ఉన్నదా, పనిచేస్తున్నదా అన్నదే. పంపు లేని బండిలో మామూలు పెట్రోలు పోసి కొంత దూరం పోయినా చాలు, ఇంజను పట్టేయగలదు. ఫోర్ స్ట్రోక్ సీడీ 100 మాత్రం తక్కువ పెట్రోలుతో నడుస్తూ, ఆయిలు సకాలంలో మారిస్తే మెకానిక్ ముఖం చూడకుండా ఏళ్లు గడిపేది. షెడ్డుకు ఇది గడ్డుకాలం కావలసింది; కాకపోవడానికి కారణం బండ్ల సంఖ్య అనేక రెట్లు పెరగడం.

తీరంలో 1990ల మొదట్లో రొయ్యల సాగు ఉప్పెనలా విస్తరించి, 1994-95లో తెల్లమచ్చల వైరస్‌తో కుదేలై, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో చట్టపరమైన ఆంక్షల పాలై, 2009 తరువాత వెనామీ రకంతో మళ్లీ పుంజుకుంది. ఈ ఎత్తుపల్లాల్లో చేతిలో డబ్బు ఆడినప్పుడు కొన్న బండ్లు నష్టం వచ్చినప్పుడు అమ్మకానికి వచ్చి ఉంటాయని ఊహించడానికి పెద్ద ఆధారాలు అక్కరలేదు. మేత బస్తాలు, చేపల బుట్టలు, పాల క్యాన్లు మోసిన బండికి క్లచ్ ప్లేట్లు, వెనుక షాక్ అబ్జార్బర్లు ముందుగా అరుగుతాయి; గుంటల గట్ల మీద ఉప్పునీటిలో తిరిగిన బండికి చక్రపు స్పోకులు లోపలి కొసల దగ్గర తుప్పు పట్టి, చూపుకు బాగున్నా బరువుకు తెగుతాయి. తుపానులు, వరదలు మరో అధ్యాయం. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానులు, 2004 డిసెంబరు 26 సునామీ, 2021 నవంబరులో పెన్నాకు వచ్చిన భారీ వరద ఈ జిల్లాను తాకాయి. నీట మునిగిన బండిని కిక్కు కొట్టి చూడటం అందరూ చేసే తప్పు. సిలిండరులో చేరిన నీరు నొక్కినా కుదించుకుపోదు గనుక కనెక్టింగ్ రాడ్డు వంగే ప్రమాదం ఉంది. ముందు ప్లగ్ విప్పి నీరు బయటికి పోనివ్వాలి, ఇంజను ఆయిలు దించి చూడాలి. ఆయిలు పాలు కలిసిన కాఫీలా కనిపిస్తే అందులో నీరు చేరినట్టే. అది తేటగా వచ్చేవరకు రెండు మూడుసార్లు చవక ఆయిలు పోసి మార్చాలి. వరద తరువాతి నెలల్లో కారుచవకగా వచ్చే బండిని కొనేవారు చూడవలసింది కూడా సీటు కిందా, హెడ్‌లైటు డొప్పలోనూ మిగిలిన సన్నని ఒండ్రు చారనే.

1996లో కాలుష్య ప్రమాణాలు బిగియడంతో ఆర్ఎక్స్ 100 తయారీ ఆగింది. అదే ఏడాది మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం మూతపడింది. 2000 నుంచి వరుసగా కఠినమైన ప్రమాణాల కింద టూ స్ట్రోక్ మోటారు సైకిళ్లు కనుమరుగై, 2020 ఏప్రిల్‌లో వచ్చిన భారత్ స్టేజ్ 6తో కార్బురేటరు స్థానాన్ని దాదాపు అన్నిచోట్లా కంప్యూటరు నియంత్రించే ఇంజెక్షను ఆక్రమించింది. ఇప్పుడు కొత్త బండిలోని దోషాన్ని చెవితో కాక స్కానరు తీగ తగిలించి వెతకాలి గనుక, అది చిన్నదైనా షోరూముకే వెళుతుంది. అటు పాత ఆర్ఎక్స్, యెజ్డీ, బుల్లెట్ బండ్లు మాత్రం అవసరం కోసం కాక అభిమానంతో కొనే వస్తువులై, వాటి ధరలూ విడిభాగాల గిరాకీ పెరిగాయి. చట్టప్రకారం 15 ఏళ్లకు రిజిస్ట్రేషను ముగిసే ఈ బండ్లు తనిఖీలో నెగ్గి, అయిదేళ్లకొకసారి దాన్ని పొడిగించుకోవలసి ఉంటుంది. ఈ మధ్య వీటికి ఎదురైన కొత్త సమస్య పెట్రోలుదే. 2022 మధ్యనాటికి దేశంలో 10 శాతానికి చేరిన ఇథనాల్ మిశ్రమం 2025లో 20 శాతమైంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రకపు రబ్బరును మెత్తబరుస్తుంది. కొన్ని పాత వాహనాల్లో రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చవలసి రావచ్చునని కేంద్ర పెట్రోలియం శాఖ కూడా 2025 ఆగస్టులో అంగీకరించింది. సముద్రపు తేమ ఏడాది పొడవునా ఉండే మైపాడు, గంగపట్నం వంటి చోట్ల నెలల తరబడి కదలకుండా నిలబెట్టిన బండి ట్యాంకులో ఇథనాల్ పీల్చుకున్న నీరు అడుగుకు దిగి తుప్పును పెంచుతుంది కాబట్టి, పాత బండి కొన్న మొదటి వారంలో మార్చవలసిన వాటిలో పెట్రోలు పైపు, కార్బురేటరు ఫ్లోట్ గిన్నె గాస్కెట్, పెట్రోలు కుళాయి వాషరు కొత్తగా చేరాయి.